బండి కనబడేంత దూరం

మా హారూన్ చూడని ఊరు లేదని జగ్గయ్యపేటలో అంటారు. నందిగామలోనూ అంటారు. ఊటీ, కొడైకెనాల్, వేలాంకణ్ణి, శబరిమల, అరుణాచలం, కన్యాకుమారి, అజ్మీరు. పదమూడు సీట్ల టెంపో బండి మీద పద్దెనిమిదేళ్ళుగా తిరుగుతున్నాడు. బండి వాడిది కాదు, నందిగామలో కల్యాణ్ అనే అతనిది. తోలేది మాత్రం మావాడే. నేను వాడి తల్లిని, పేరు హసన్‌బీ. మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. అయినా ఈ నాలుగు ముక్కలు ఎవరి చేతా రాయించలేదు, నేనే కూర్చుని రాశాను. వేరేవాళ్ళు రాస్తే ఊళ్ళ పేర్లు రాసి చేతులు దులుపుకుంటారు. ఆ ఊళ్ళలో వాడు ఎక్కడ ఉన్నాడో రాయరు.

వాళ్ళ నాన్న మొహిద్దీన్ పేటలో జట్కా తోలాడు. గుర్రం అలిసిందా, నీళ్ళు తాగిందా అని చూసుకునేవాడే గానీ తాను తిన్నాడో లేదో ఏనాడూ చెప్పేవాడు కాదు. కొడుక్కి ఆ బుద్ధే వచ్చింది. జట్కాకి బదులు టెంపో, అంతే తేడా.

డిసెంబరు వచ్చిందంటే హారూన్ మా ఇంట్లో మనిషి కాడు. మొదట అయ్యప్ప స్వాములు. వాళ్ళను తీసుకెళ్ళినన్నాళ్ళూ వీడూ నీచు ముట్టడు, వాళ్ళు లేచే వేళకే లేచి చన్నీళ్ళు పోసుకుంటాడు. క్రిస్మస్ అయిన మర్నాటి నుంచి నందిగామ టీచర్ల కుటుంబాలు. ఆ తర్వాత కొత్త సంవత్సరానికి గుళ్ళకు పోయేవాళ్ళు. బండిలో ముందు అద్దం కింద ఏ దేవుడి బొమ్మా ఉండదు. బండి మాట్లాడుకుని ఎక్కిన పార్టీ వాళ్ళు ఎవరి బొమ్మ వాళ్ళు పెట్టుకుంటారు, దిగేటప్పుడు తీసుకుపోతారు. వీడు అక్కడ దుమ్ము తుడిచి పెడతాడు.

మూడేళ్ళ కింద నందిగామలో డాక్టరు వాణ్ణి చూసి, షుగరు మొదలవుతోంది, రోజంతా కూర్చునే పని కదా, నడవాలి అన్నాడు. నడవాలంటే బండికి దూరంగా పోవాలి. బండి నిండా సామాన్లు, సంచులు, ఒక్కోసారి ఆడవాళ్ళ నగలు. వాటిని వదిలి ఎట్లా పోతాడు? అందుకని బండి చుట్టూ పరిగెత్తడం మొదలుపెట్టాడు. పార్టీ కొండెక్కి చూసొచ్చేలోపు, గుడిలోకి పోయొచ్చేలోపు, తోటలో తిరిగొచ్చేలోపు వాడు పార్కింగులో ఇరవై చుట్లు పరిగెత్తుతాడు. బండి కంటికి కనబడుతూ ఉండాలి. అంతకు మించి ఒక్క అడుగు వెయ్యడు. మొదట్లో మిగతా డ్రైవర్లు నవ్వారట. ఇప్పుడు ఇద్దరు ముగ్గురు వాడి వెనక పరిగెత్తుతున్నారట. ఆ మాట చెప్పినప్పుడు మాత్రం వాడి ముఖంలో కాస్త గర్వం చూశాను. అది నా గర్వమే అనుకోండి, నా దగ్గర నుంచి పోయింది.

పోయిన డిసెంబరు ఇరవై తొమ్మిదిన ఫ్లోరెన్స్ టీచరు గారి కుటుంబాన్ని ఊటీ తిప్పి తీసుకొచ్చి, మధ్యాహ్నం దాకా ఒళ్ళు తెలియకుండా పడుకున్నాడు. లేచి అన్నం తిన్నాక కూతురు షాహినా వాడి ఫోను తీసుకుని పక్కన చేరింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. వాడు పరిగెత్తినదంతా ఆ ఫోను మ్యాపు మీద గీత గీసి దాచిపెడుతుంది. ఏడాది ఆఖర్లో తండ్రీ కూతుళ్ళు కూర్చుని అది చూసుకోవడం వాళ్ళకో అలవాటు. మిగతా రోజుల్లో ఆ పిల్లకు తండ్రి దొరికేది ఎక్కడ?

"ఆరు వందల పది కిలోమీటర్లు నాన్నా! మన పేట నుంచి పరిగెత్తితే మద్రాసు దాటిపోయేవాడివి."

"దాటి ఏం చెయ్యను? పార్టీ ఇక్కడుంటే."

"ఊటీది చూపిస్తా చూడు." చూపించింది. చిక్కుపడ్డ దారం ఉండలా ఉంది. "ఇదిగో వేలాంకణ్ణి." అదీ దారం ఉండే. కన్యాకుమారి అంతే, అరకు అంతే.

"అన్నీ ఒక తీరుగానే ఉన్నాయేంటి?" అంది పిల్ల. "ఊటీ ఎట్టా ఉంటది నాన్నా?"

"మంచి పార్కింగు. కాకపోతే వాలుగా ఉంటది. టైరు కింద రాయి పెట్టాలి."

"పార్కింగు కాదు నాన్నా, పూల తోట!"

"గేటు బావుంటది. పెద్ద గేటు."

"కన్యాకుమారి?"

"గాలెక్కువ. పైన కట్టిన టార్పాలిన్ రాత్రంతా కొట్టుకుంటానే ఉంటది."

"మరి వేలాంకణ్ణి?" అని నేను అడిగాను.

"బాత్రూములు శుభ్రంగా ఉంటాయమ్మా. నీళ్ళు ఇరవై నాలుగ్గంటలూ వస్తాయి."

మా కోడలు ఆసిఫా గుమ్మంలో కూర్చుని జాకెట్టుకు హెమ్మింగు చేస్తోంది. కుట్టు మిషను మీద ఇంటిని సగం అదే లాగుతుంది. తల ఎత్తకుండానే అంది, "గేటు కాడ దించేవాణ్ణి పట్టుకుని గేటు లోపలి సంగతి అడుగుతావేందే? ఫ్లోరెన్స్ టీచరు గారి స్టేటస్ చూడు. అన్ని పూలూ ఉన్నాయి."

ఆ ఫోటోలన్నీ మావాడు తీసినవే. దిగి లోపలికి పోయేముందు "హారూన్, ఒక్క ఫోటో తియ్యవయ్యా" అంటారు. ఫోటోలో మొగుడూ పెళ్ళాం, పిల్లలూ అందరూ వస్తారు. వీడు ఉండడు. ఎండ వెనక నుంచి కొడితే వాడి నీడ మాత్రం వాళ్ళ కాళ్ళ దగ్గర పడుతుంది. ఆసిఫా ఆ నీడను వేలితో పెద్దది చేసి చూడటం నేను రెండు మూడు సార్లు చూశాను. చూడనట్టు ఊరుకున్నాను.

దారం కొరికి, ఆసిఫా ఈసారి తల ఎత్తింది. "పెళ్ళయి పదహారేళ్ళయింది. నేను చీరలడగలా, గాజులడగలా. ఒక్క రోజు మనమూ పార్టీ వాళ్ళలాగా పోవాలి. ఊరేదైనా సరే. మీరు దిగి నా పక్కన నడవాలి. అంతే."

ఆ మాట నవ్వుతూ అనలేదు. హారూన్ పిల్ల చేతిలో ఫోను తీసి కింద పెట్టాడు. కాసేపు గోడ మీద కాలెండరు వంక చూశాడు.

"ముప్పై ఒకటి పొద్దున నాలుగింటికి అరుణాచలం పార్టీ ఉంది. రేపు ఖాళీ. కల్యాణ్‌ని అడుగుతా."

అడిగాడు. తీసుకుపో, తెల్లారేసరికి శుభ్రంగా కడిగి పెట్టు అన్నాడు అతను. ఎక్కడికి అంటే, సముద్రం అంది పిల్ల. సూర్యలంక అయితే పొద్దున పోయి రాత్రికి రావచ్చు అన్నాడు హారూన్. "ఇరవై సార్లు పోయుంటా. మంచి చోటు."

తెల్లవారుజామునే లేచి ఆసిఫా బగారా అన్నం, కోడి కూర వండింది. గుడ్లు ఉడకబెట్టింది. తమ్ముడి పెళ్ళికి కొన్న గులాబీ రంగు చీర కట్టింది. ఆ చీర ఇనప్పెట్టెలో మడత విప్పకుండా ఉండిపోయినందుకు, మడతల దగ్గర గీతలు పడి ఉన్నాయి. పదమూడు సీట్లకు ముగ్గురం. నేనొక కిటికీ, ఆసిఫా ఒక కిటికీ, పిల్ల సీటుకో పది నిమిషాలు మారుతూ.

బెజవాడ దాటాక టీ కొట్టు ముందు ఆపాడు. వెనక్కు తిరిగి, "టీ తాగేవాళ్ళు దిగచ్చు. పది నిమిషాలు. బాత్రూము కుడి పక్కనుంది" అన్నాడు. అని తాను దిగి, లారీలు ఆగిన వైపు పోయి అక్కడి డ్రైవర్లతో నిలబడి టీ తాగాడు.

ఆసిఫా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "చూశారా అత్తమ్మా, మీ అబ్బాయి!"

"అలవాటులేవే," అన్నాను.

పదిన్నరకు చేరాం. సరుగుడు చెట్ల మధ్య ఇసకలో పార్కింగు. బళ్ళు అప్పటికే నిండాయి. వాడు బండిని వెనక్కు నడిపి, ముక్కు రోడ్డు వైపు పెట్టి ఆపాడు. తేలిగ్గా బయటికి తియ్యాలంటే అట్లా పెట్టాలట. దిగి మా తలుపు లాగాడు. నా చెయ్యి పట్టుకుని దింపాడు. అన్నం గిన్నె అందించాడు. తర్వాత వాచీ చూసుకుని అన్నాడు,

"నాలుగున్నరకల్లా బండి దగ్గరుండాలండి. బండి నంబరు గుర్తు పెట్టుకోండి. లోతుకు పోమాకండి."

అంటున్నప్పుడు వాడి కళ్ళు మా మీద లేవు, సీట్ల కింద ఏమైనా మరిచిపోయామేమోనని వెతుకుతున్నాయి. ఈసారి ఆసిఫా నవ్వలేదు. గిన్నె మూత సరిచేసింది.

"సరేనండి డ్రైవరు గారూ," అని పిల్ల చెయ్యి పట్టుకుని చెట్లలోకి నడిచింది. వెనక్కు తిరగలేదు.

వాడికి అప్పుడు తెలిసింది, ఏమన్నాడో. నేను వాణ్ణి రెండు మాటలు అనాల్సింది. అనకుండా కోడలి వెంట పోయాను. అది నా తప్పు. మేం ఆ పక్కకు పోయి కూర్చున్నాక వాడే వస్తాడులే అనుకున్నాను.

సముద్రం గురించి నేను రాసేదేముంది, అందరూ చూసిందే. జనం తిరునాళ్ళకు వచ్చినట్టు వచ్చారు. షాహినా చెప్పులు నా ఒళ్ళో పడేసి పరిగెత్తింది. ఆసిఫా చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని మోకాళ్ళ లోతులో నిలబడింది. అల వచ్చినప్పుడల్లా చుట్టూ ఆడవాళ్ళు అరుస్తూ మొగుళ్ళ భుజాలు పట్టుకుంటున్నారు. ఇది ఎవర్నీ పట్టుకోకుండా, పడకుండా, గుంజలా నిలబడింది. నీళ్ళ వంక చూసింది తక్కువ, సరుగుడు చెట్ల వంక చూసింది ఎక్కువ.

పన్నెండున్నరకు అన్నం తిన్నాం. వాడి వాటా ఆసిఫా పిల్లకిచ్చి పంపింది. పిల్ల తిరిగొచ్చి, "నాన్న బండిలో తింటాడంట. సామాన్లున్నాయంట," అంది.

"ఏం సామాన్లు?" అంది ఆసిఫా.

నాకు తెలిసి ఆ బండిలో ఉన్నవి నా చేతికర్ర, మంచినీళ్ళ డబ్బా, ఒక దుప్పటి.

మూడింటికి ఇసకలో మోకాళ్ళు లాగేస్తుంటే బండి దగ్గరకు వచ్చాను. వాడు పరిగెత్తుతున్నాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. మా బండి, పక్కన రెండు కార్లు, ఒక బస్సు, వాటి చుట్టూ ఇసకలో బాట పడిపోయింది. బస్సు డ్రైవరు నీడలో పడుకుని వీడి వంక చూస్తున్నాడు.

"ఏందిరా ఇది?"

"పద్నాలుగో రౌండమ్మా. ఇంకో ఆరున్నాయి."

"అక్కడ నీ పెళ్ళాం నీళ్ళల్లో నిలబడి చెట్ల వంక చూస్తంది. నువ్వు ఇక్కడ గానుగెద్దులా తిరుగుతున్నావా?"

ఆగాడు. చొక్కా చేతికి ముఖం తుడుచుకున్నాడు. "బండి కాడ మనిషుండాలి గదమ్మా."

"బండిలో ఏముందని? నా కర్రుంది. ఎవడన్నా ఎత్తుకుపోతే కుంటుతూ పోతా, పోనీ. ఇరవై సార్లు వచ్చావే, సముద్రంలో కాలన్నా పెట్టావా నువ్వు?"

"ఇక్కణ్ణుంచి కనబడదు. చప్పుడు వినబడుద్ది. అక్కడ ఎట్టా నిలబడాలో నాకు తెలీదమ్మా."

నాకు అర్థం కాలేదు. వాడే చెప్పాడు. కొడైకెనాల్‌లో ఒకసారి మంచు విడిపోయి లోయ కనబడుతోందని అందరూ పరిగెత్తుతుంటే వాడూ దిగాడట. పార్టీ వాళ్ళ పక్కన, రెయిలింగు పట్టుకుని నిలబడ్డాడట. ఆ ఇంటావిడ పక్కకు తిరిగి వీణ్ణి చూసి, "బండి దగ్గర ఎవరున్నారు?" అందట.

"తిట్టలేదమ్మా. మంచావిడే. మామూలుగా అడిగింది. నేను వెనక్కొచ్చేశా. మళ్ళీ దిగలా."

"ఎప్పుడది?"

"షాహినా పుట్టకముందు."

నా నోటికి పేటలో అందరూ భయపడతారు. కానీ ఎవర్ని తిట్టను? ఆవిణ్ణి తిడదామంటే ఆవిడ ఏమీ అనలేదు. వీణ్ణి తిడదామంటే చెమటతో చిన్నపిల్లాడిలా నిలబడి ఉన్నాడు.

"తాళాలియ్యి," అన్నాను చివరికి. "నేను కూర్చుంటా బండి కాడ. నీకంటే బాగా కాస్తా. పో."

బూట్లు విప్పి, మేజోళ్ళు మడిచి అందులో పెట్టాడు. ప్యాంటు పైకి మడిచాడు. నాలుగడుగులు పోయి వెనక్కొచ్చాడు. "హ్యాండ్ బ్రేకు ముట్టుకోమాక."

"సరే."

మళ్ళీ వచ్చాడు. "ఎవరన్నా బండి తియ్యమంటే..."

"పోరా!"

పోయాడు. చెట్ల చివర ఆగి ఒక్కసారి బండి వంక చూశాడు. ఆ తర్వాత కనబడలేదు. నేను వాడి సీట్లో ఎక్కి కూర్చున్నాను. వాడన్నది నిజమే, అక్కడి నుంచి ఏమీ కనబడదు. చప్పుడు వస్తుంది, ఆగుతుంది, మళ్ళీ వస్తుంది. పద్దెనిమిదేళ్ళు ఈ సీట్లోనే కూర్చుని ఇట్లా లోపల జనం నవ్వే చప్పుళ్ళు వింటూ ఉన్నాడు కదా అనుకున్నాను.

అరగంట అయిందో లేదో, నా ముందర ఫోను మోగింది. హారూన్ ఫోను. చార్జింగుకు పెట్టి వదిలేసి పోయాడు. ఆసిఫా.

"చూడండి, నేను అన్నది మనసులో పెట్టుకోమాకండి," అంటోంది, నేను మాట్లాడేలోపే. "ఒక్క అరగంట రండి. ఎవరూ ఏమనరు. నేనుంటాగా."

"నేనే. వాడు నీ దగ్గరికే వచ్చాడు."

"ఎక్కడ?"

"సముద్రం కాడికే."

"రాలేదత్తమ్మా!"

"చూడు, అక్కడే ఉంటాడు. ఫోను ఇక్కడే మర్చిపోయాడు."

అవతల అలల చప్పుడు. ఆసిఫా వాడి పేరు పెట్టి పిలవదు. పిల్లే "నాన్నా, నాన్నా" అని అరుస్తోంది. ఆ జనంలో ఎంతమంది నాన్నలు తిరిగి చూశారో. ఫోను పెట్టేశాను.

నాలుగున్నరకు సరిగ్గా తల్లీ కూతుళ్ళు బండి దగ్గరకు వచ్చారు. వాడు చెప్పిన టైమే కదా, ఇక్కడికే వస్తాడని. ఆసిఫా చీర అంచంతా ఇసక. ఎక్కలేదు, తలుపు పట్టుకుని నిలబడింది. పక్క బస్సు కదిలింది. కార్లు కదిలాయి. వాడు రాలేదు.

ఐదు కావస్తుండగా చెట్లలోంచి వచ్చాడు. నడుం దాకా తడిసి ఉన్నాడు. ఆసిఫాను బండి దగ్గర చూసి ఆగిపోయాడు.

"అటు చివర దాకా పోయా," అన్నాడు. "ఇటు చివర దాకా వచ్చా. గులాబీ చీరలు ఎన్నున్నాయో! వెనక నుంచి నువ్వే అనుకుని ఒకావిణ్ణి పిలిస్తే వాళ్ళాయన కొట్టబోయాడు."

ఆసిఫా నవ్వబోయి, నవ్వలేక, కొంగు ముఖానికి తెచ్చుకుంది. షాహినా అడిగింది, "ఇప్పుడు పోదాం నాన్నా! పది నిమిషాలు! అందరం!"

హారూన్ వాచీ చూశాడు. తర్వాత ఆకాశం వంక చూశాడు. అది అలవాటు కొద్దీ చూసిన చూపు కాదు. తెల్లారి నాలుగింటికి పదమూడు మందిని ఎక్కించుకోవాలి. ఇక్కణ్ణుంచి నాలుగ్గంటల పైన ప్రయాణం. బండి కడగాలి. పడుకోవాలి. ఇవన్నీ వాడి ముఖంలో ఒకదాని వెంట ఒకటి పోయాయి. అయినా "పదండి," అన్నాడు.

"వద్దులెండి," అంది ఆసిఫా.

"పది నిమిషాలే గదా."

"పది అంటే గంటవుద్ది. నిద్ర చాలకుండా మీరు రేపు అంత దూరం తోలతారా? ఆ బండిలో కూడా ఎవరి పిల్లలో ఉంటారు." పిల్ల వైపు తిరిగింది. "ఎక్కవే."

పిల్ల ఏడుస్తూ ఎక్కి, ఆఖరి సీట్లో పడుకుంది. నేను ఎక్కి నా కిటికీ దగ్గర కూర్చున్నాను. ఆసిఫా తలుపు మూసింది గానీ ఎక్కలేదు. ముందు నుంచి చుట్టూ తిరిగి పోయి, డ్రైవరు పక్క సీటు తలుపు తీసి, తడి చీరతో కూర్చుంది. వాడు ఏదో అనబోయాడు, సీటు తడుస్తుందనే అయ్యుంటుంది. అనలేదు. తాళం తిప్పాడు.

బాపట్ల దాటాం. పొన్నూరు దగ్గర ఆసిఫా అడిగింది, "ఎంత లోతుకు పోయారు?"

"నడుం దాకా. నువ్వో?"

"మోకాళ్ళ దాకా. కాళ్ళ కింద ఇసక లాగేసిందా మీకు?"

"లాగేసింది. పడిపోతా అనుకున్నా."

"నేనూ."

"నోట్లోకి పోయినయ్యి నీళ్ళు. ఉప్పు! ఇంత ఉప్పని ఎవరూ చెప్పలా నాకు."

ఈసారి ఆసిఫా పైకి నవ్వింది. తర్వాత వాడు ఇంకేదో చెప్పాడు, ఇది ఇంకేదో అడిగింది. గుంటూరు దగ్గర లారీల రొదలో నాకు వినబడలేదు. ఒకే నీళ్ళలో, ఒకే గంటలో, వేరు వేరు చోట్ల నిలబడి వచ్చారు. ఒకరు చూసింది ఒకరికి చెప్పుకుంటున్నారు. పక్కన నడవాలన్న దాని కోరిక తీరలేదు. మళ్ళీ ఖాళీ రోజు ఎప్పుడో నాకు తెలియదు, కల్యాణ్‌కీ తెలియదు.

పదమూడు సీట్ల బండిలో పిల్ల వెనక నిద్రపోయింది. ముందు వాళ్ళిద్దరి తలలు కనబడుతున్నాయి. మధ్యలో సీట్లన్నీ ఖాళీ. వాళ్ళు నన్నేమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. చెప్పాల్సి వస్తే, డెబ్భై రెండేళ్ళకు నేను సముద్రం చూడటం అదే మొదలు.